సంఘాల వెబ్‌సైట్లు, వాటిలోని రాతలు: కాపీరైట్ గురించి కాపరులు, పెద్దలు తెలుసుకోవలసినవి



బొల్లారం నుంచి బొంతపల్లి, గుమ్మడిదల దాకా, అటు పటాన్‌చెరు, పాశమైలారం వైపు ఉన్న సంఘాల్లో చాలా వాటికి ఇప్పుడు యూట్యూబ్ ఛానెల్ ఉంది. కొన్నింటికి సొంత వెబ్‌సైట్ కూడా ఉంది. ఇది ఆడంబరానికి పెట్టుకున్నది కాదు. కంపెనీల్లో షిఫ్టులు ఆదివారమని ఆగవు. పగటి డ్యూటీ పడిన విశ్వాసి ఆరాధనకు రాలేడు, రాత్రి గదికి చేరాక ఫోనులోనే ప్రసంగం వింటాడు. సొంత ఊరు వదిలి వచ్చి ఇక్కడ అద్దె గదుల్లో ఉంటున్నవారికి, ఇక్కడినుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారికి సంఘంతో మిగిలిన బంధం చాలాసార్లు ఆ పేజీయే.

అందుకే ఆ పేజీలో పెట్టినది ఇంకొకరి చేతిలో ఏమవుతోందన్నది చిన్న సంగతి కాదు. మన రాతలను మూడు రకాలుగా తీసుకుపోతున్నారు. మొదటి రకం వాళ్లు వ్యాసం నచ్చి, పేరుతో సహా వాట్సాప్‌లో పదిమందికి పంపుతారు. వీరిని చూసి సంతోషించాలి. రెండో రకం వాళ్లు రాసినవారి పేరు తీసేసి, తమ పేరు పెట్టుకుని, తమ పేజీలో వేసుకుంటారు. మూడో రకం వాళ్లే అసలు ప్రమాదం. మాటలు మారుస్తారు. ప్రసంగంలో ముందు వెనుక కత్తిరించి, కాపరి అననిది అన్నట్టు చూపిస్తారు. మంచాన పడిన సహోదరి కోసం ప్రార్థన చేయమని సంఘం పెట్టిన ఫొటో తీసుకుని, కింద వేరే క్యూఆర్ కోడ్ అతికించి కానుకలు అడుగుతారు. ఇచ్చినవాడు ఆమెకే ఇచ్చాననుకుంటాడు. ఆమెకు ఒక్క రూపాయి చేరదు. ఆ తర్వాత నిజంగా అవసరమై అడిగిన సంఘాన్ని కూడా అనుమానంగా చూస్తారు.

ఈ మూడింటినీ ఒకే గాట కట్టకూడదు. మొదటి రకం వారిపై కేసు పెడతామని బెదిరించే సంఘాలనూ చూశాను, మూడో రకం వారిని ప్రభువే చూసుకుంటాడని వదిలేసే సంఘాలనూ చూశాను. రెండూ సరికావు.

వాక్యానికి కాపీరైట్ ఏమిటని అడిగేవారికి

ఈ మాట ఎత్తగానే పెద్దలు ఒక ప్రశ్న వేస్తారు. ఉచితంగా పొందాం కాబట్టి ఉచితంగా ఇవ్వాలి కదా, దేవుని మాటకు హక్కుదారులేమిటి? మంచి ప్రశ్నే. వాక్యం మీద మనకు ఏ హక్కూ లేదు. అయితే వాక్యాన్ని వివరించడానికి ఒక కాపరి రాత్రంతా కూర్చుని రాసిన వ్యాసం, సండే స్కూల్ టీచరు వేసిన బొమ్మ, యౌవనస్థులు కట్టిన పాట మనుషుల కష్టం. పనివాడు తన జీతానికి అర్హుడని ప్రభువు చెప్పిన సంగతి, దాన్నే పౌలు తిమోతికి గుర్తుచేసిన సంగతి మనకు తెలుసు. ఉచితంగా ఇవ్వడమంటే రాసినవాడి పేరు చెరిపేసే అధికారం ఇవ్వడం కాదు.

యిర్మీయా గ్రంథం 23వ అధ్యాయం మరోసారి తీసి చూడండి. ఒకరి దగ్గర ఒకరు మాటలు దొంగిలించుకుని, దేవుడు పంపాడని చెప్పుకునే ప్రవక్తల మీద అక్కడ దేవుడు ఎంత కోపగించాడో కనిపిస్తుంది. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక చివర, దీన్ని మీరు చదివాక లవొదికయ సంఘంలోనూ చదివించమని కోరాడు. అంటే పంచుకోవడం అపొస్తలుల నాటినుంచీ ఉంది. అదే పౌలు థెస్సలొనీకయులకు రాస్తూ, తన పేరు మీద వచ్చిన నకిలీ పత్రికను నమ్మి కలవరపడవద్దని హెచ్చరించాడు. ఆ పత్రిక ముగింపులో తన చేతిరాతే తన గుర్తు అని తెలిపాడు. పంచుకోవడానికి అభ్యంతరం లేదు, పేరుతో మోసం చేయడానికి మాత్రం అభ్యంతరం ఉంది. పత్రిక నడిపే మాకు ఈ రెండు సంగతులూ పక్కపక్కనే కనిపించడం ఆశ్చర్యంగా ఉంటుంది.

లూథరుకూ ఇదే తిప్పలు వచ్చింది. దొంగ ముద్రణల్లోంచి అసలు పుస్తకాన్ని జనం గుర్తుపట్టాలని 1524లో ఆయన తన పుస్తకాలపై గొఱ్ఱెపిల్ల గుర్తు, గులాబీ గుర్తు వేయించాడు. మరుసటి ఏడాది ఆయన ప్రసంగాల సంపుటి అచ్చు పూర్తికాకముందే కొన్ని కాగితాలు విట్టెన్‌బర్గ్ అచ్చుశాల నుంచి దొంగతనంగా బయటికి పోయి, వేరే ఊరిలో ముద్రణ అయ్యాయి. ఆయన గోల డబ్బు గురించి కన్నా, తప్పులతడకగా అచ్చయిన పుస్తకంలో తన మాటలు తానే గుర్తుపట్టలేని స్థితి గురించి.

మన మెదక్ ప్రాంతానికి సువార్త తెచ్చినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చిని కట్టించిన పోస్నెట్ దొర ఆ మిషన్‌వారే. కాబట్టి జాన్ వెస్లీ మాట ఇక్కడ ప్రస్తావించడం తగును. 1780లో వెలువడిన తమ కీర్తనల సంపుటి ముందుమాటలో ఆయన పెట్టిన షరతు చాలా సులువుగా అర్థమవుతుంది: మా కీర్తనలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, కానీ ఉన్నవి ఉన్నట్టే వేయాలి, దిద్దకూడదు. మారుస్తామంటే అసలు పాఠాన్ని కూడా పక్కనే చూపించాలి. తన భావం కానిదానికి తనను బాధ్యుణ్ణి చేయవద్దని ఆయన కోరిక. రెండు వందల ఏళ్ల తర్వాత వచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి అచ్చం ఇదే చెబుతుంది. వెస్లీ కూడా ఈ విషయంలో నిష్కళంకుడు కాడనుకోండి. 1775లో అమెరికా వలసవాసుల గురించి ఆయన వేసిన చిన్న పుస్తకంలో శామ్యూల్ జాన్సన్ రచన నుంచి పేరు చెప్పకుండా చాలా తీసుకున్నాడని అప్పట్లోనే గట్టి విమర్శ వచ్చింది.

చట్టం ఏం చెబుతోంది

మన దేశంలో దీనికి ఆధారం 1957 నాటి కాపీరైట్ చట్టం. అది 1958 జనవరి 21 నుంచి అమలులో ఉంది, 2012లో పెద్ద సవరణ జరిగింది. చాలామంది పొరబడే మొదటి విషయం రిజిస్ట్రేషన్. రాత రాసిన క్షణం, ఫొటో తీసిన క్షణం, ప్రసంగం రికార్డు అయిన క్షణం హక్కు పుడుతుంది. రిజిస్టర్ చేయించకపోతే హక్కు లేదనేది నిజం కాదు. వివాదం వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ ఒక సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. కావాలనుకుంటే ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. రచనకు ఫీజు 500 రూపాయలు, సౌండ్ రికార్డింగుకు 2000. దరఖాస్తు వేశాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. వెబ్‌సైట్ మొత్తాన్ని ఒకే ముద్దగా రిజిస్టర్ చేయరు. వ్యాసం వేరు, పాట వేరు, బొమ్మ వేరు.

రెండవది, ఆలోచనకు కాపీరైట్ లేదు. తప్పిపోయిన కుమారుని ఉపమానం మీద మీరు మూడు అంశాల ప్రసంగం చేశారని, ఇంకొక కాపరి అదే ఉపమానం మీద అవే మూడు అంశాలు చెబితే చట్టం పట్టించుకోదు. మీరు ఆ అంశాలను చెప్పిన తీరు, వాక్యాలు, ఉదాహరణల కూర్పు మాత్రమే మీవి. 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. అయితే ఆ గీత ఎక్కడ పడుతుందన్నది ఒక్కోసారి కోర్టులోనే తేలాలి. 'శ్రీమంతుడు' సినిమా కథ తన నవలదేనని, అది 'స్వాతి'లో అచ్చయిందని ఒక తెలుగు రచయిత పెట్టిన కేసు హైదరాబాదు కోర్టులో మొదలై ఏళ్లపాటు సాగింది. 2015 సినిమా అది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ విచారణలో జోక్యం చేసుకోలేదు. అచ్చైన తేదీ ఉన్న పత్రిక ప్రతి చేతిలో ఉండడం ఎంత బలమో ఆ కేసు చూస్తే తెలుస్తుంది.

హక్కు ఎంతకాలం? రాసినవారు బతికి ఉన్నంతకాలం, వారు చనిపోయిన మరుసటి సంవత్సరం జనవరి నుంచి 60 ఏళ్లు. ఇది మునుపు 50 ఏళ్లుండేది. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు 1991తో ముగియబోతున్న సమయంలో దాన్ని 60కి పెంచారు. మన ఇళ్లల్లో వినిపించే పేర్లతో లెక్క వేద్దాం. ఎన్నో క్రైస్తవ కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరి గారు 1890లో ప్రభువునందు నిద్రించారు. ఆయన కీర్తనలు అందరివీ. బైబిల్ మిషన్ ముంగమూరి దేవదాసు అయ్యగారు 1960లో నిద్రించారు. ఆయన జీవితకాలంలో వెలువడిన రచనల గడువు 2020 డిసెంబరు 31తో పూర్తయింది. కానీ ఆయన తర్వాత మొదటిసారి అచ్చయినవి ఉంటే, వాటికి అచ్చయిన ఏడాది నుంచి 60 ఏళ్ల లెక్క వేరుగా నడుస్తుంది. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానం పొందిన గుఱ్ఱం జాషువా గారు 1971లో కన్నుమూశారు, కాబట్టి 2031 ఆఖరు దాకా ఆ హక్కు వారసులది. భక్త సింగ్ గారు 2000లో వెళ్లిపోయారు, అంటే 2060 వరకు. కీర్తన పాతదే అయినా దాన్ని ఈ మధ్య ఎవరైనా కొత్త సంగీతంతో రికార్డు చేస్తే, ఆ రికార్డింగు మీద వారికి ప్రచురించినప్పటినుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పాట ఉచితం, ఆ ట్రాక్ ఉచితం కాదు.

ఇక మన పత్రికలకు ప్రత్యేకంగా తగిలే క్లాజు ఒకటి ఉంది. చాలామంది సంపాదకులకే దాని గురించి తెలియదు. చట్టంలోని 52వ సెక్షన్ ఏవి ఉల్లంఘన కావో చెబుతుంది. అందులో ఎం క్లాజు ప్రకారం, వర్తమాన ఆర్థిక, రాజకీయ, సామాజిక, మతపరమైన విషయాలపై వచ్చిన వ్యాసాన్ని వేరే పత్రిక తిరిగి వేసుకోవచ్చు, రచయిత ఆ హక్కును స్పష్టంగా తనకే ఉంచుకున్నానని చెప్పి ఉంటే తప్ప. మతపరమైన విషయాలు అన్న మాట గమనించండి. మనం రాసేవి సగం అవే. అంటే వ్యాసం కింద 'పునర్ముద్రణ హక్కులు రచయితవే' అన్న ఒక్క లైను లేకపోతే, ఇంకొక పత్రిక దాన్ని వేసుకున్నప్పుడు మనం అడగడానికి ఏమీ మిగలకపోవచ్చు. హక్కు పుట్టడానికి ఏ లైనూ అవసరం లేదు గానీ, ఈ ఒక్క సందర్భంలో ఆ లైనే కాపలాదారు.

సంఘంలో ఎవరిది ఏది

బయటివారితో తగాదాకు ముందు ఇంట్లో స్పష్టత ఉండాలి. ప్రసంగం ఎవరి సొత్తు? సంఘం ఆవరణలో, సంఘం మైకులో, సంఘం జీతంతో చెప్పాడు కాబట్టి సంఘానిదే అని కమిటీ పెద్దలు అనుకుంటారు. చట్టం అలా అనడం లేదు. 17వ సెక్షన్‌లో బహిరంగ ప్రసంగాల గురించి వేరుగా చెప్పారు: ప్రసంగించినవారిదే మొదటి హక్కు, వేరొకరి తరఫున ప్రసంగిస్తే ఆ వేరొకరిది. ఏర్పాటు చేసినవారు, స్థలం ఇచ్చినవారు, చివరకు జీతమిచ్చేవారు అయినంత మాత్రాన హక్కుదారులు కారు. ఉజ్జీవ సభలకు వచ్చిన అతిథి దైవజనుని ప్రసంగాన్ని ఛానెల్‌లో పెట్టాలంటే ఆయన అనుమతి ముందే రాతలో తీసుకోవాలి. ఉపన్యాసం ఇచ్చేవారికి ప్రదర్శకుల హక్కు అని ఇంకొకటి కూడా ఉంది. ఆ నిర్వచనంలో మనల్ని నటులు, గారడీవారు, పాములాడించేవారు ఉన్న వరుసలోనే నిలబెట్టారు. కొందరి ప్రసంగాలు విన్నాక చట్టం రాసినవారు ఆలోచించే రాశారనిపిస్తుంది.

డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌తో ఫొటోలు తీయిస్తే, వేరే ఒప్పందం లేకపోతే ఆ ఫొటోలు డబ్బిచ్చినవారివి. ఉచితంగా సేవగా తీసిన యౌవనస్థుడి ఫొటో అతనిదే. పత్రికలో జీతానికి పనిచేసే రచయిత రాసిన వ్యాసం పత్రికల్లో వేసుకోవడం వరకు యజమానిది, మిగతా హక్కులు, అంటే పుస్తకంగా తేవడం లాంటివి, రచయితవి. బయటినుంచి ప్రేమతో వ్యాసం పంపే సోదరి హక్కు పూర్తిగా ఆమెదే. హక్కు బదిలీ చేయాలంటే సంతకంతో కూడిన కాగితం ఉండాలి, నోటిమాట చెల్లదు. కాగితంలో కాలం రాయకపోతే అయిదేళ్లు అనే, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే అనే చట్టం లెక్కిస్తుంది. దుబాయిలోనో డల్లాస్‌లోనో చూసే వెబ్‌సైట్‌కు ఆ రెండో షరతు ఎంత ఇబ్బందో ఊహించవచ్చు. ఒక పేజీ అనుమతి పత్రం తయారు చేసుకుని, రచయితలందరి దగ్గర సంతకం తీసుకుని ఫైలులో పెట్టుకోవడం పెద్ద పనేమీ కాదు.

మన చేతులు శుభ్రంగా ఉన్నాయా

ఇతరుల మీద ఫిర్యాదు చేయబోయే ముందు మన పేజీని మనమే ఒకసారి తనిఖీ చేయాలి. గూగుల్‌లో దొరికిన చిత్రం ఉచిత చిత్రం కాదు. గూగుల్ చూపించింది, ఇవ్వలేదు. ఆరాధనలో పాడటానికి చట్టం వెసులుబాటు ఇచ్చింది. నిజమైన మతపరమైన కార్యక్రమంలో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటను ప్రదర్శించడం ఉల్లంఘన కాదు. కానీ గుడిలో పాడటం వేరు, దాన్ని రికార్డు చేసి ఏళ్ల తరబడి యూట్యూబ్‌లో ఉంచడం వేరు. కరోకీ ట్రాక్ కొనకుండా వాడి లైవ్ ఇస్తే, మధ్యలో శబ్దం ఆగిపోవడం, వీడియోకు క్లెయిమ్ రావడం మామూలే. 90 రోజుల వ్యవధిలో మూడు కాపీరైట్ స్ట్రైకులు వస్తే ఛానెలే పోతుంది. దాంతో ఏళ్ల ప్రసంగాలన్నీ పోతాయి. 2017 మార్చిలో అమెరికా పర్యటనలో ఉన్న దివంగత ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారికే, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా తరఫు నుంచి నోటీసు వెళ్లింది. దశాబ్దాల స్నేహితుల మధ్యే అంత జరిగితే, ముక్కూముఖం తెలియని మ్యూజిక్ కంపెనీ మనల్ని వదిలేస్తుందనుకోవడం అమాయకత్వం.

బైబిల్ పాఠం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రసంగంలో, వ్యాసంలో వచనాలు ఉదహరించడానికి ఎవరూ అడ్డు చెప్పరు. అధ్యాయాలకు అధ్యాయాలు, లేదా మొత్తం గ్రంథం యాప్‌లోనో సైట్‌లోనో పెట్టాలంటే ఆ అనువాదం ఎవరిదో చూడాలి. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ముద్రించే పాఠాల గురించి బెంగళూరులోని వారి కార్యాలయాన్ని అడగడం మర్యాద. ఇంగ్లీషు ఎన్ఐవీ వారు 500 వచనాల వరకు అనుమతి లేకుండా వాడుకోనిస్తారు, అదీ ఒక పూర్తి పుస్తకం కాకుండా, మీ రచనలో నాలుగో వంతుకు చేరకుండా ఉంటేనే. తెలుగులో స్వేచ్ఛగా వాడుకోదగినవి లేకపోలేదు. ఇండియన్ రివైజ్డ్ వర్షన్ తెలుగు అనువాదాన్ని, బిబ్లికావారి సమకాలీన అనువాదాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేశారు. మూలం పేరు చెప్పాలి, మార్చి వాడితే ఆ మార్చినదాన్ని కూడా అదే షరతులతో ఇవ్వాలి.

కాపలా: పనిచేసేవి, పనిచేయనివి

రైట్ క్లిక్ ఆపేయడం, అక్షరాలు సెలెక్ట్ కాకుండా చేయడం గురించి వెబ్‌సైట్ చేసిపెట్టే కుర్రాళ్లు గొప్పగా చెబుతారు. దొంగ ఫోనులో స్క్రీన్‌షాట్ తీస్తాడు, రెండు నిమిషాల పని. నష్టపోయేది కళ్లు సరిగా కనిపించక, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడే విశ్వాసి. నా సలహా, అది వద్దు.

మన తెలుగు పత్రికలది ఇంకో కథ. ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పేజీలు కట్టి, పీడీఎఫ్ చేసి సైట్‌లో పెట్టాం. అందులోంచి కాపీ చేస్తే పిచ్చిగీతలే వస్తాయి కాబట్టి అదే మంచి రక్షణ అని కొందరు ఇప్పటికీ యూనికోడ్‌కు మారడం లేదు. కానీ కాపీ కాని అక్షరం గూగుల్‌కూ కనబడదు. మన పాత సంచికల్లో ఏముందో వెతికినవారికి దొరకదు, దొంగ దాన్ని మళ్లీ టైపు చేసి యూనికోడ్‌లో పెడితే లోకానికి అదే అసలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో తేదీతో ముందుగా పెట్టినవారిదే పైచేయి. పైగా యూనికోడ్‌లో ఉంటే దొంగను పట్టుకోవడమూ తేలిక. వ్యాసంలో ఎవరూ యథాలాపంగా రాయని ఒక వాక్యం తీసుకుని, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. నెలకొకసారి ఈ పని ఒక యౌవనస్థునికి అప్పగిస్తే చాలు. అదే వాక్యానికి గూగుల్ అలర్ట్ కూడా పెట్టుకోవచ్చు.

ప్రతి వ్యాసం కింద రచయిత పేరు, తేదీ, హక్కుల లైను పెట్టండి. ఫొటోల మీద, ముఖ్యంగా రోగుల, పిల్లల ఫొటోల మీద, సంఘం పేరు అడ్డంగా పడేలా వాటర్‌మార్క్ వేయండి. మూలన వేస్తే కత్తిరిస్తారు. ఇంకా మంచిది, ప్రార్థన మనవుల్లో ముఖం చూపించకపోవడం. విరాళాల ఖాతా ఏదో ఒక స్థిరమైన పేజీలో మాత్రమే రాసి, ఆ పేజీలో లేని నంబరు మాది కాదని ప్రతి ఆదివారం ప్రకటనల్లో చెప్పండి. ప్రసంగాల వీడియో మొదట్లో కాపరి తన పేరు, సంఘం పేరు, తేదీ నోటితో చెప్పడం అలవాటు చేసుకోవాలి. పేరు, హక్కుల సమాచారం తెలిసీ తొలగించడం 65బి సెక్షన్ కింద వేరే నేరం, రెండేళ్ల వరకు జైలు ఉంది. కాబట్టి తొలగించడానికి ఏదైనా పెట్టి ఉండాలి కదా.

పాస్‌వర్డ్ సంగతి కూడా ఇందులోదే. సైట్, ఛానెల్ ఒక్క కుర్రాడి సొంత జీమెయిల్ మీద నడుస్తుంటే, అతను వేరే ఊరికి ఉద్యోగానికి వెళ్లిన రోజు మీ హక్కులన్నీ అతని ఫోనులో వెళ్లిపోతాయి. సంఘం పేరు మీద ఖాతా, ఇద్దరు పెద్దల దగ్గర తాళం ఉండాలి. డొమైన్ పేరు ఏటేటా రెన్యువల్ చేయడం మరువకూడదు.

దొరికినప్పుడు

మొదట సాక్ష్యం, తర్వాతే మాట. ఫోన్ చేసి మందలిస్తే అవతలివారు వెంటనే తీసేస్తారు, మీ దగ్గర ఏమీ మిగలదు. లింకు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి, వీడియో అయితే దించుకోండి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని, మీ అసలు పేజీని కూడా సేవ్ చేయండి. కోర్టుకు వెళ్లవలసి వస్తే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. కాబట్టి తీసిన ఫైలును ఎడిట్ చేయకుండా, తీసిన ఫోనుతో సహా భద్రపరచండి.

తర్వాత మత్తయి 18 చూపిన వరుస. తీసుకున్నది మరో సంఘం వారైతే ముందు ఒంటరిగా మాట్లాడండి. 'అయ్యగారూ, వందనాలు. మీ పేజీలో వేసిన వ్యాసం మా రచయితది. దయచేసి ఆయన పేరు, మా లింకు చేర్చండి, లేదా తీసివేయండి' అన్న రెండు ముక్కల సందేశం చాలాసార్లు పనిచేస్తుంది. ఎక్కువమంది వాట్సాప్‌లో పేరు లేకుండా వచ్చినదాన్నే వేసుకుని ఉంటారు, దొంగిలించాలని కాదు. వినకపోతే ఇద్దరు పెద్దలతో, తర్వాత వారి డయాసిస్ లేదా ఫెలోషిప్ పెద్దల ద్వారా. కొరింథీయులకు పౌలు కోర్టుల గురించి రాసిన మాట విశ్వాసుల మధ్య తగాదాకు వర్తిస్తుంది. క్యూఆర్ కోడ్ మార్చి డబ్బు దండుకునేవాడికి ఆ మాట అడ్డుపెట్టడం నాకు సమంజసంగా తోచదు. అక్కడ మోసపోతున్నది మనం కాదు, కానుక ఇచ్చిన పేదవాడు. అలాంటిది కనబడితే రోజులు లెక్కపెట్టకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. డబ్బు పంపినవారు ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. తర్వాత దగ్గరి పోలీసు స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి.

సంఘాలు కాని పేజీలు, ఎవరో తెలియని ఛానెళ్ల విషయంలో నేరుగా వేదికకే ఫిర్యాదు చేయడం మేలు. యూట్యూబ్, ఫేస్‌బుక్, గూగుల్ సెర్చ్, వాట్సాప్ అన్నింటికీ కాపీరైట్ ఫారాలు ఉన్నాయి. మీ అసలు లింకు, వారి లింకు, మీ పేరు, చిరునామా, ఈమెయిల్, ఇది అనుమతి లేకుండా వాడారని నమ్ముతున్నానన్న ప్రకటన, సంతకంగా పూర్తి పేరు రాయాలి. అమెరికా చట్టం కింద నడిచే ఆ ఫారంలో అబద్ధం చెబితే మనమే బాధ్యులం, మన చట్టంలోనూ ఆధారంలేని బెదిరింపులకు 60వ సెక్షన్ కింద ఎదురు దావా వేయవచ్చు. మీ పేరు అవతలివారికి తెలుస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఆడపిల్లల పేరుతో, వారి ఫోన్ నంబరుతో ఫిర్యాదు పెట్టవద్దు, సంఘం కార్యాలయం పేరుతో పెట్టండి. ఎదుటివారు అభ్యంతరం తెలిపితే, అక్కడితో ఆగాలా కోర్టుకు వెళ్లాలా అన్నది మీరు త్వరగా తేల్చుకోవాలి.

మన దేశంలో హోస్టింగ్ చేసేవారికి 2013 కాపీరైట్ నియమాల కింద రాతపూర్వక ఫిర్యాదు ఇస్తే, అది సరైనదని తృప్తి చెందాక వారు 36 గంటల్లో ఆ పేజీని ఆపాలి. అది 21 రోజుల వరకే. ఈలోగా కోర్టు ఆదేశం తేకపోతే మళ్లీ తెరవవచ్చు. కాబట్టి ఫిర్యాదు పంపిన రోజే వకీలును కలవడం తెలివి. కోర్టుకు వెళ్లాలంటే దొంగ ఉన్న ఊరికి పరుగెత్తనక్కరలేదు. 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు నివసించే చోటే దావా వేయవచ్చు, అంటే గుమ్మడిదలవారు సంగారెడ్డి వైపు చూస్తే సరిపోతుంది. నష్టపరిహారం అడగడానికి మూడేళ్ల గడువు. తెలిసీ చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన, బెయిలు హక్కుగా రాని నేరమని తేల్చింది. ఈ మాట విని సంతోషపడేవారు, తమ సంఘం కుర్రాళ్లు కరోకీ ట్రాకులతో పెట్టిన వీడియోలకూ ఇదే సెక్షన్ అని గమనించాలి. లాభం కోసం చేయనప్పుడు శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంది.

హక్కుల లైను ఎలా రాయాలని అడిగేవారి కోసం, మీ పేర్లు మార్చి వాడుకోగలిగేలా ఒకటి కింద ఇస్తున్నాను.

'ఈ వ్యాసం హక్కులు, పునర్ముద్రణ హక్కుతో సహా, రచయితవి. రచయిత పేరు, మూలం లింకు తీయకుండా, మాటలు మార్చకుండా, అమ్మకానికి కాకుండా సంఘాల్లో, కుటుంబ ప్రార్థనల్లో, వాట్సాప్‌లో ఎవరైనా పంచుకోవచ్చు. పత్రికలో, పుస్తకంలో, వీడియోలో వాడుకోదలిస్తే ముందుగా రాసి అడగండి. మా విరాళాల వివరాలు ఈ వెబ్‌సైట్‌లోని కానుకల పేజీలో మాత్రమే ఉంటాయి.'

ఈ సంపాదకీయానికీ అవే షరతులు. అనుమతి పత్రం నమూనా, ఫిర్యాదు ఉత్తరం నమూనా కావలసిన సంఘాలు మా కార్యాలయానికి రాస్తే తెలుగులో టైపు చేసినవి పంపుతాం. వకీలు సలహా అవసరమైన వివాదాలకు మాత్రం వకీలునే కలవండి.